దోర ఇనుము

మొన్న మా వీధి చివర ఒక ఇంట్లో గట్టిగా కేకలేసి వచ్చాను. ఆ ఇంటితో నాకు చుట్టరికమేమీ లేదు, పాలబూతు దగ్గర పలకరింపులు తప్ప. ఆ ఇంటి కోడలిపిల్ల మొగుడు పోయి ఇంకా కర్మ కూడా కాలేదు. చూసి వద్దామని వెళితే, వసారాలో బంధువులంతా చేరి ఆ పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకుని అడుగుతున్నారు. ఇక్కడే ఉంటావా, పుట్టింటికి పోతావా, పిల్లవాణ్ణి ఎవరి దగ్గర ఉంచుతావు, ఇప్పుడే తేల్చేస్తే అందరికీ మంచిది కదా అని. ఆ పిల్ల ఎవరేమన్నా తల ఊపుతోంది. అటువాళ్లకూ ఊపుతోంది, ఇటువాళ్లకూ ఊపుతోంది. నాకు ఒళ్లు మండింది. "మీకు పుణ్యముంటుంది, ఇప్పుడు ఆ పిల్లను ఏమీ అడక్కండి. లేచి మీ పనులు చూసుకోండి" అన్నాను. రిటైరైపోయినా నాది ఇంకా పంతులమ్మ గొంతే. ఒక్కొక్కరే లేచారు. ఒక పెద్దమనిషి మాత్రం "ఈమెవరు మధ్యలో" అని గొణిగాడు. అదీ న్యాయమైన ప్రశ్నే.

గేటు దాటి బయటికి వచ్చాక చూసుకుంటే నా చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని ఉన్నాయి. నాకు ఆ అలవాటు లేదు. నేను మాట్లాడితే చేతులు ముందుంటాయి, మాట తర్వాత వస్తుంది. అలా చేతులు వెనక్కి కట్టుకునే మనిషి నా బతుకులో ఒక్కడే ఉన్నాడు. మా మామ.

మామ అంటే నా మొగుడి తండ్రి. పాకాలలో స్టేషనుకు పోయే దారిలో కమ్మరి కొలిమి ఆయనది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పేరు రాయను. బతికున్నప్పుడు నేను ఆ పేరు నోటితో పలికి ఎరగను, ఇప్పుడు కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాదు.

పొట్టి మనిషి. కుడి భుజం ఎడమ భుజం కన్నా కొంచెం కిందికి ఉండేది. దేన్ని చూసినా ఒక కన్ను మూసి చూసేవాడు. కత్తిని చూసినట్టే మంచం కోడును చూసేవాడు, దండెం మీద ఆరేసిన పంచె అంచును చూసేవాడు, పెళ్లిచూపులకు మా ఊరు బంగారుపాళ్యం వచ్చినప్పుడు నన్నూ అలాగే చూశాడు. నాకు అప్పుడు భలే కోపం వచ్చింది. ఈ ముసలాయన నాకు కన్నుకొడుతున్నాడేంటని మా అమ్మతో అన్నాను. ఆయన ముసలాయన కూడా కాదు, అప్పటికి తలలో తెల్లవెంట్రుక లేదు.

ఆయన చేసేది ముఖ్యంగా చెరకు కత్తులు. బెల్లం గానుగలు ఆడే కాలం దగ్గరపడుతుంటే చిత్తూరు చుట్టుపక్కల తోటలవాళ్లు బండ్లు కట్టుకుని వచ్చి పట్టుకుపోయేవారు. మూరెడు పొడవు, రేకులాగా పలచన, అంచు చూస్తే దారం లాగి పట్టినట్టు ఉండాలి. పాత లారీ స్ప్రింగు పట్టీలను కాల్చి సాగగొట్టేవారు. సాగగొట్టడం ఏ కమ్మరైనా చేస్తాడు. కష్టమంతా దాన్ని గట్టిపరచడంలో ఉంది. ఎర్రగా కాల్చి కానుగనూనె తొట్టిలో ముంచుతారు. మెత్తనిది లోపలికి పోయి గట్టిది బయటికి వస్తుందని చూసేవాళ్లు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నూనెలోంచి తీసేసరికి దాని పని ఇంకా పూర్తి కాదు. ఎరుపు పోయి నల్లబడి ఉంటుంది, అంతా అయిపోయినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంకా మారుతూనే ఉంటుంది. తమలపాకు మడిచి నోట్లో పెట్టుకునేంతసేపు. ఆ కాసేపట్లో బొటనవేలితో తోస్తే చాలు, ఎటు తోస్తే అటు పోతుంది, పోయినది అలాగే నిలిచిపోతుంది. ఆ కాసేపు దాటిందా, ఇక వంగమన్నా వంగదు. బలవంతం చేస్తే విరుగుతుంది.

ఆ కాసేపటికి మామ పెట్టుకున్న పేరు దోర. మామిడికాయకు అంటామే, పచ్చీ కాదు పండూ కాదు, ఆ దోర. నేను మామిడితోటల ఊరి పిల్లను కాబట్టి ఆ కొలిమిలో వినపడే మాటల్లో నాకు మొదట అర్థమైన మాట అదే. అంత చల్లబడ్డాక కూడా ఇనుము అలా ఎందుకు వంగుతుందని తర్వాత ఎప్పుడో అడిగాను. ఆయన పట్టకారు పక్కన పెట్టి ఆలోచించి చెప్పాడు.

"పాత పట్టు వదిలేసినాది మ్మా. కొత్త పట్టు ఇంకా దొరకలా. ఆ నడుమ దాన్ని ఎవురు ముట్టుకుంటే వాళ్ల మాట ఇంటాది."

పని ఇద్దరిది. మామ కత్తిని నూనెలోంచి ఎత్తి, వాకిట్లో వెలుతురుకు పెట్టి, కన్ను మూసి అంచు వెంట చూసేవాడు. ఎక్కడ వంకర ఉంటే అక్కడ, రెండో మనిషి తడి గోతాం గుడ్డ చేతికి చుట్టుకుని, చింతమొద్దు మీద పెట్టి అదిమేవాడు. అదిమేది నా మొగుడు. "ఇంకొంచెం... ఆఁ... సాలు, ఎత్తు" అనేవాడు మామ. ఎత్తు అంటే కత్తిని కాదు, చేతిని. ఆ తర్వాత కత్తిని తోక దగ్గరున్న బెజ్జంతో తీగకు తగిలించేవారు. గోడకు ఆనించకూడదు, నేల మీద పెట్టకూడదు. అలా వేలాడుతూ చల్లారాలి.

ఒక్కోసారి కత్తి నూనెలోంచే తిన్నగా వచ్చేది. అప్పుడు మామ దాన్ని తీగకు తగిలించి రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడేవాడు. మొదట్లో అది చూసి నాకు నవ్వొచ్చేది, బడిలో తప్పు చేసిన పిల్లవాడిలాగా. ఎందుకలాగని నా మొగుడు ఒకసారి నా ముందే ఆయన్ను ఆటపట్టించాడు.

"చెయ్యి ఊరికే ఉండదురా" అన్నాడు మామ. "సక్కంగా ఉండేదాన్ని గూడా సరిజేస్తానని పోతాది. అందుకే దాన్ని ఈడ పెట్టుకున్యా."

కాపరానికి వెళ్లిన కొత్తలో కోడళ్లు మామల ఎదుట పడకూడదు. మాట్లాడాల్సి వస్తే తలుపు వెనక నుంచి, అదీ అత్త ద్వారా. ఒకరోజు మజ్జిగ చెంబు కొలిమి గడప దగ్గర పెట్టి వచ్చేస్తుంటే, నా మొగుడు ఎవరితోనో బయట మాట్లాడుతున్నాడు, మామ కత్తి ఎత్తి చూసుకోకుండా పట్టకారుతో సహా వెనక్కి చాచాడు, కొడుకే ఉన్నాడనుకుని. నేను అందుకున్నాను. ఏం చేయాలో తెలియలేదు. ఇంట్లో అట్లకాడను ఎలా పెడతానో అలాగే శుభ్రంగా గోడకు ఆనించి పెట్టాను. ఆయన ఇంకో కత్తి సంగతి చూసి ఇటు తిరిగేసరికి అది చంద్రవంకలాగా నడుము వంచి కూర్చుని ఉంది.

"నేనేం సెయ్యలేదు మామా" అన్నాను. ఆయనతో నేరుగా నేనన్న మొదటి మాట అదే.

ఆయన కోప్పడలేదు. కత్తిని ఎత్తి ఒక కన్నుతో చూశాడు. "నువ్వేం సెయ్యలా మ్మా. దాని బరువే. ఇట్లాంటి టయంలో దాని బరువే దానికి జాస్తి" అన్నాడు.

మరునాడు నా మొగుడు దాన్ని సరిచేస్తానని మొద్దు మీద పెట్టి అదిమాడు. టక్కుమంది. రెండు ముక్కలు. పెద్ద ముక్కను మా అత్త కత్తిపీటకు బిగించుకుని ఏళ్ల తరబడి కూరలు తరిగింది, తరిగినప్పుడల్లా నన్ను దెప్పింది. మామ మాత్రం ఆరోజే అత్తతో ఒక మాట అన్నాడు. "కొలిమికి తలుపుల్లేవు గదా, ఆ పిల్ల దేని ఎనక నిలబడాల. ఈడికి వస్తే మాట్లాడనీ." అప్పటినుంచి ఇంట్లో తలుపు వెనక, కొలిమిలో ఎదురుగా. రెండు రకాల కోడలిగా ఉండేదాన్ని.

ఇంతలో రెండో ప్రపంచయుద్ధం ముదిరింది. ఇనుము పని తెలిసినవాళ్లు కావాలని పట్టాళం వాళ్లు తీసుకుంటుంటే నా మొగుడు కూడా పేరిచ్చి వెళ్లిపోయాడు. రెండో మనిషి లేకుండా కత్తులు తయారుకావు. మామ నన్ను రమ్మని పిలవలేదు. నేనే గోతాం గుడ్డ తడిపి చేతికి చుట్టుకుని వెళ్లి మొద్దు దగ్గర నిలబడ్డాను. మొదటి కొన్ని కత్తులు నా చేతిలో పాడయ్యాయి. గట్టిగా అదిమేదాన్ని. "బలం ఒద్దు మ్మా. ఇది బలం పని గాదు" అనేవాడు. నిజమే, అరచేతి కింద అది కదిలిపోవడం నాకు తెలిసేది, తెలిసీ తెలియనట్టు. అంతలోనే బిగుసుకునేది. ఆ బిగుసుకోవడం తెలిసిన క్షణాన ఆయన అనకముందే చెయ్యి ఎత్తేయడం నేర్చుకున్నాను. ఆరోజు ఆయన మజ్జిగ చెంబు ముందు నాకిచ్చి తర్వాత తాను తాగాడు. పొగడటం ఆయనకు అంతవరకే చేతనయ్యేది.

తర్వాత కబురు వచ్చింది. బర్మా వైపు ఎక్కడో జ్వరం తగిలి పోయాడని. మనిషిని చూసిందీ లేదు, బూడిద చూసిందీ లేదు. ఇంట్లో దీపం పెట్టి దినాలు జరిపారు.

ఆ రోజుల్లో నేను ఏడ్చిన గుర్తు లేదు. మాటలు దూరంగా ఎక్కడో వినపడేవి. అన్నం తినమంటే తినేదాన్ని, లేవమంటే లేచేదాన్ని. దినాలు పూర్తి కాకముందే బంగారుపాళ్యం నుంచి మా అన్న వచ్చాడు. కులంలో పెద్దమనిషి ఒకాయన వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. నన్ను తీసుకొచ్చి స్తంభం దగ్గర కూర్చోబెట్టారు.

"దీన్ని నేను పిలుచుకోని పోతా. మా పిల్లోళ్లను సూసుకుంటా నీడన పడుంటాది" అన్నాడు అన్న.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఈడనే ఉంటానని ఒక్క మాట సెప్పు మే. దీపం మింద చెయ్యి పెట్టి వాని పేరుతో సెప్పు. ఇంగ నిన్నేం అడగను."

"ఏదో ఒకటి ఇప్పుడే తేలిపోతే మేలు గదా" అన్నాడు పెద్దమనిషి. "పాప నోటితోనే సెప్పించండి."

నిజం చెబుతున్నాను, ఆ క్షణాన దారిన పోయే కట్టెలమ్మేవాడు వచ్చి నా వెంట రా అన్నా లేచి వెళ్లేదాన్ని. నా మాట అంటూ ఒకటి లేదు. అత్త చెయ్యి దగ్గరగా ఉంది, వెచ్చగా ఉంది. అలాగే అత్తా అనడానికి నోరు తెరిచాను. ఆ మాట అని ఉంటే ఇక తప్పడానికి లేదు, ఆ ఇంట్లో దీపం మీద ఆన పెడితే చచ్చేదాకా ఆనే.

అప్పటిదాకా వాకిట్లో నిలబడి ఉన్న మామ లోపలికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాయి.

"ఎవురూ ఆ పిల్లను ఏమీ అడగొద్దు" అన్నాడు.

"ఇంగెప్పుడప్పా అడిగేది?" అన్నాడు పెద్దమనిషి.

"సల్లారినంక."

మా అన్న లేచి నిలబడ్డాడు. కోపం వస్తే ముందూవెనకా చూసే మనిషి కాదు. "నీ ఎత్తు నాకు తెలీదా మామా. కొడుకు పాయ. కొలిమిలో అదిమేదానికి చెయ్యి కావల్ల నీకు. నాలుగు దినాలు సాగదీస్తే ఇది ఈడనే అలవాటుపడి ఉండిపోతాదని నీ లెక్క."

అత్త ఏడుపు ఆపేసింది. మామను అంత మాట అన్నవాళ్లు ఆ ఇంట్లో లేరు. ఆయన మా అన్నను కూడా ఒక కన్ను మూసి చూశాడు.

"అవును నాయనా. కావల్ల. ఈడుండే అందరికంటే నాకే జాస్తి కావల్ల" అన్నాడు. "అందుకే నేను గూడా అడగను."

అన్న ఆ సాయంత్రం బండికే వెళ్లిపోయాడు. అత్త మామతో మాట్లాడటం మానేసింది. నాకు మాత్రం ఏమీ కాలేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో, ఆ ఊళ్లో, మొగుడు పోయిన ఆడదాన్ని ఎవరూ ఏమీ అడగకుండా ఉండటం అంటే ఎంత పనో మీకు తెలియదు. వచ్చిన ప్రతి చుట్టాన్నీ ఆయన గడప దగ్గరే ఆపి, కొలిమిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, కత్తుల సంగతులు చెప్పి పంపేవాడు. కోడలి దగ్గరికి ఎవరినీ పోనియ్యడని ఊళ్లో చెవులు కొరుక్కున్నారు. ఆ మాటలు ఆయన చెవిన పడకుండా ఎలా ఉంటాయి.

కొలిమికి కూడా పిలవలేదు. ఒక చేత్తో పట్టకారు పట్టుకుని, రెండో చేత్తో తానే అదిమి చూసేవాడు. కత్తి ఎత్తి, వెలుతురుకు చూసి, మొద్దు దగ్గరికి వచ్చేసరికి ఆ కాసేపు కాస్తా గడిచిపోయేది. వంటింట్లో కూర్చుంటే టక్కుమని వినపడేది. కాసేపటికి మళ్లీ టక్కు. అసలే యుద్ధంలో పట్టీలు దొరకని రోజులు. వంకర కత్తులు చూసి తోటలవాళ్లు పెదవి విరిచి వేరే ఊళ్లకు వెళ్లసాగారు. ఒకరోజు ఆ టక్కు వినలేక నేనే లేచి కొలిమి గడప దగ్గరికి వెళ్లాను.

"మామా, నేను అదుముతా" అన్నాను.

ఆయన తల ఎత్తి నా ముఖం వైపు చూశాడు, ఒక కన్ను మూసి, అటు చివర నుంచి ఇటు చివరిదాకా. "ఇంట్లేకి పో మ్మా" అన్నాడు మెల్లగా. "ఇంకా దోరగుండాది."

కత్తి సంగతి అనుకుని వెనక్కి తిరిగాను. వంటింటి దాకా వచ్చాక గుర్తొచ్చింది, ఆయన చేతిలో కత్తి లేదని.

కత్తి పూర్తిగా చల్లారిందో లేదో మామ ముట్టుకుని చూసేవాడు కాదు. వేలాడుతున్న దాన్ని గోటితో మీటేవాడు. ఖంగున మోగితే అయినట్టు. నా సంగతీ ఆయనకు అలాగే తెలిసింది. ఒక పొద్దున కట్టెలమ్మే ఆమె తడికట్టెలు ఎండుకట్టెల మధ్య పెట్టి మోపు దింపింది. పొయ్యిలో పెడితే ఇల్లంతా పొగ. నేను వీధిలోకి పోయి ఆమెను పట్టుకున్నాను. ఏమేం అన్నానో గుర్తులేదు కానీ స్టేషను దాకా వినపడి ఉంటుంది. మోపు ఎత్తించి, ఎండువి దింపించి, ఆమె ఏడు తరాలనూ తలుచుకుని మరీ వదిలాను. వెనక్కి తిరిగితే అత్త వాకిట్లో నోరు తెరుచుకుని నిలబడి ఉంది. కొలిమిలో సుత్తి ఆగిపోయింది. మామ బయటికి వచ్చి అత్త వైపు చూశాడు. వాళ్లిద్దరి మధ్య మాటలు ఆగి నెలలైంది.

"ఇన్యావా" అన్నాడు. "మోగతాండాది."

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకేమో సిగ్గేసింది.

మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక ఆయన నన్ను కొలిమిలోకి పిలిచాడు. అత్త కూడా వచ్చి నిలబడింది.

"ఇప్పుడు సెప్పు మ్మా. నీకేం కావల్ల?"

నాకు మాట సిద్ధంగా ఉంది. ఎప్పుడు తయారైందో నాకే తెలియదు. మా నాయన పట్టుబట్టి నన్ను మిషను బళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివించాడు. ఆ చదువు పెట్టెలో చీరలాగా మడతపెట్టి ఉంది. "చిత్తూరులో ఆడోళ్లకు టీచరు ట్రయినింగు ఉండాదంట మామా. పోయి చదువుకుంటా" అన్నాను.

"ఎవురన్నా సెప్పినారా?"

"లేదు. నాకే అనిపించింది."

"తోస్తే సెప్పిన మాట గాదు గదా?"

"కాదు మామా."

ఆయన తొట్టి వైపు చూశాడు, చింతమొద్దు వైపు చూశాడు. ఆ మొద్దు మీద నేను చెయ్యి పెట్టే చోట కొంచెం గుంటపడి ఉండేది. "సరే" అన్నాడు.

"మరి కొలిమి?" అంది అత్త.

"నువ్వొచ్చి అదమరాదూ."

"నా చేతులకు ఇంగ ఆ పని గూడానా" అని అత్త విసురుగా ఇంట్లోకి వెళ్లిపోయింది. మరునాడు పొద్దున చూస్తే గోతాం గుడ్డ తడుపుతోంది. ఆమె మొదటివారం చెడగొట్టినన్ని కత్తులు నేను చెడగొట్టలేదని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. కానీ ఆమె నేర్చుకుంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ అలా చాలా ఏళ్లు చేశారు.

నేను బయలుదేరిన రోజు మామ నా ట్రంకుపెట్టె తలమీద పెట్టుకుని స్టేషనుకు వచ్చాడు. చిత్తూరు మీదుగా కాట్పాడి పోయే బండి. పెట్టె లోపల పెట్టి, కిటికీ దగ్గర చోటు చూపించి, దిగి ప్లాట్‌ఫారం మీద కిటికీకి ఎదురుగా నిలబడ్డాడు. అది ఇల్లు కాదు, కొలిమి కాదు, నేను ఎలా మాట్లాడాలో తెలియక తల దించుకున్నాను. ఆయనే అడిగాడు.

"ఆ దినం నేను అడిగుంటే ఉండిపోదువు గదా మ్మా?"

"ఉందును మామా."

"ఎన్నాళ్లు?"

"ఉన్నన్నాళ్లు."

తల ఊపాడు. ఇంకేదో అనడానికి నోరు తెరిచాడు. ఆయన ముఖంలో ఆ మాట నాకు కనబడింది. ఇప్పుడు అడిగినా నేను దిగిపోయేదాన్నేమో, ఈ రోజుకీ నాకు తెలియదు. బండి కూత వేసింది. నేను కిటికీ ఊచ పట్టుకుని లేచాను.

"కూసో" అన్నాడు. "తల బయటికి పెట్టాకు, బొగ్గు నలుసు కంట్లో పడతాది."

అంతే. బండి కదలగానే ఆయన అటు తిరిగిపోయాడు. మిగతావాళ్లు కిటికీల వెంట నడుస్తూ చేతులు ఊపుతున్నారు. ఆయన ఊపలేదు. బండి ఆయన్ను దాటుతుంటే నాకు ఆయన వీపు కనబడింది. వీపు మీద ఆయన చేతులు రెండూ ఉన్నాయి, కుడిచెయ్యి ఎడమచేతి మణికట్టును గట్టిగా పట్టుకుని ఉంది. స్టేషను కనుమరుగయ్యేదాకా అది వదల్లేదు.